మెల్లగా కొట్టిన సి.డి.లో పాట తియ్యగా వుంటుందా?

1993లో ‘జురాసిక్ పార్క్’ వచ్చినప్పుడు హాలు దద్దరిల్లేలా డైనోసార్ అరిచింది గదా! డి.టి.ఎస్. హాళ్ళలో ఆ అరుపు ఫిలిం మీదనుంచి వచ్చింది కాదు సుమండీ! సి.డి. మీదనుంచి వచ్చింది. ఫిలిం అంచున సన్నటి గుర్తులు మాత్రం వుండేవి. ప్రొజెక్టరు పక్కనున్న పెట్టెలో సి.డి.లు తిరుగుతూ, ఆ గుర్తుల్ని బట్టి బొమ్మతో పాటు అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేవి. ఖర్మకాలి డిస్కు మొరాయిస్తే, ఫిలిం మీద ఎప్పటిలాగే వుండే పాతరకం సౌండు ట్రాకు వెంటనే అందుకునేది. హీరోగారి పిడిగుద్దు వున్నట్టుండి చప్పబడిపోయేది! మన ఊళ్ళలో హాళ్ళ ముందు ‘డి.టి.ఎస్.’ అని దీపాల బోర్డులు వెలిగిన రోజులు మీ అన్నయ్యలకు బాగా గుర్తుండే వుంటాయి. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక ఆ డిస్కులూ పోయాయి, ఆ పెట్టెలూ పోయాయి.

ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, సి.డి. స్వభావం అందులో వుంది. పాడినంతసేపూ నిండుగా పాడుతుంది. పాడలేనప్పుడు ఠపీమని మానేస్తుంది. నీరసంగా, ముక్కుతూ మూలుగుతూ పాడటం దానికి చాతకాదు.

పాత సినిమా పాటల డిస్కులు పోగుచేసే కుర్రకారు మళ్ళీ కనిపిస్తున్నారు. వాళ్ళలో నలుగురు కలిస్తే చాలు, ఒక తగవు ఖాయం. “52ఎక్స్ స్పీడులో కొట్టిన సి.డి. గరగరలాడుతుంది, 4ఎక్స్‌లో కొడితే బాలుగారి గొంతు వెన్నలా వుంటుంది” అని ఒకరు. “అదంతా మీ భ్రమ, అంకెలు అంకెలే” అని ఇంకొకరు. నన్ను మధ్యవర్తిగా పెట్టారు. మధ్యవర్తికి ఇద్దరిచేతా తిట్లు తప్పవు గనక, తీర్పు చెప్పేముందు కాస్త వెనక్కి వెళ్ళి వస్తాను.

ఈ అనుమానం కాసెట్టు కడుపున పుట్టింది

నిదానంగా చేస్తే బాగుంటుందన్న మాట గాలిలోంచి ఊడిపడలేదు. కాసెట్ల కాలంలో అది నూటికి నూరుపాళ్ళు నిజం. కాసెట్లు పెద్దయెత్తున తయారుచేసే చోట మాస్టరు టేపును 32 రెట్లు, 64 రెట్లు వేగంగా పరిగెత్తించి, పక్కన ఖాళీ టేపులు నింపేవారు. మామూలుగా సెకనుకు 10 వేలసార్లు కంపించే తాళాల చప్పుడు, 32 రెట్ల వేగంలో 3 లక్షల 20 వేలసార్లు కంపిస్తుంది. అంత చురుకైన కంపనాన్ని టేపు మీద సరిగ్గా దించడం సామాన్యం కాదు. అందుకే గజ్జెల గలగల, తాళాల మెరుపు మొద్దుబారిపోయేవి. ఇళ్ళలో డబుల్ డెక్కు టేప్‌రికార్డర్లకు ‘హై స్పీడ్ డబ్బింగ్’ అని ఒక బటన్ వుండేది. తెలిసినవాళ్ళు దాని జోలికి వెళ్ళేవాళ్ళు కాదు. గంట కాసెట్టును గంటసేపు కూర్చుని కాపీ చేసుకునేవాళ్ళు.

ఆ అలవాటుతోనే మనవాళ్ళు సి.డి.ల దగ్గరికి వచ్చారు. అసలు చిక్కు అదే!

సి.డి.లో వున్నది పాట కాదు, పాట తాలూకు అంకెల పట్టిక. ఒక్కో చెవికి సెకనుకు 44,100 అంకెలు. ఒక్కో అంకె 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు. ఫిలిప్స్, సోనీ కంపెనీలు కూడబలుక్కుని ఈ లెక్క నిర్ణయించాయి. 1982లో జపానులో మొదటి ప్లేయరు అమ్మకానికి వచ్చింది. ఈనాటికీ లెక్క అదే.

ఫోను నెంబరు ఒకటి రాసుకుంటున్నారనుకోండి. గబగబా రాసినా, ముత్యాల్లా రాసినా మోగేది అదే ఇంట్లో. రాత బాగున్నంత మాత్రాన అవతలివాళ్ళ గొంతు తియ్యబడదు! కాకపోతే మరీ హడావిడిగా గిలికితే 1కీ 7కీ తేడా తెలియకుండా పోతుంది. అప్పుడు రాంగ్ నెంబరే. సి.డి. రాసే స్పీడు వ్యవహారం సరిగ్గా ఇంతే. ఇక ఈ ‘గిలకడం’ ఎక్కడ జరుగుతుందో చూద్దాం.

రంగు మీద రాత

కంపెనీలో అచ్చువేసిన సి.డి.లో నిజంగానే గుంటలుంటాయి. మనం ఇంట్లో, షాపులో కొట్టించుకునే సి.డి.లో గుంటలుండవు. పలచటి రంగు పూత వుంటుంది. ఖాళీ డిస్కును తిరగేసి చూడండి. ఆకుపచ్చ నీలం కలిసిన ఛాయ కొన్నిటికి, ముదురు నీలం కొన్నిటికి, దాదాపు రంగే లేనట్టు ఇంకొన్నిటికి. ఆ పూతను లేజరు వేడి కాల్చి మచ్చలు వేస్తుంది. డిస్కులో ఎంతమేరకు పాటలు నిండాయో కంటితోనే చెప్పొచ్చు. కాలిన భాగం ఛాయ మారి, ఉంగరంలా కనిపిస్తుంది.

ఈ మచ్చలు తొమ్మిది రకాల పొడుగుల్లో వుంటాయి. అన్నిటికన్నా పొట్టిది ఒక మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా తక్కువ. పొడుగుదైనా ఆ వెయ్యో వంతుకు నాలుగింతలు దాటదు. ఏ మచ్చ ఎంత పొడుగు, మచ్చకీ మచ్చకీ ఎంత ఎడం అన్నదాంట్లోనే అంకెలన్నీ దాగి వుంటాయి.

1ఎక్స్ అంటే పాట నడిచే వేగం. 74 నిమిషాల డిస్కు రాయడానికి 74 నిమిషాలూ పడుతుంది. 8ఎక్స్‌లో తొమ్మిది నిమిషాల చిల్లర. 52ఎక్స్ అయితే సుమారు మూడు నిమిషాలు. అదేమిటి, లెక్క ప్రకారం నిమిషంన్నరలో అయిపోవాలి గదా అంటారా? డ్రైవుల పెట్టె మీద వేసిన 52 అన్నది డిస్కు బయటి అంచు దగ్గర మాత్రమే అందుకునే వేగం. లోపలి నుంచి అందులో సగానికన్నా తక్కువ వేగంతో మొదలై, పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

1ఎక్స్‌లో అతి పొట్టి మచ్చ వెయ్యడానికి లేజరుకు సెకనులో 14 లక్షల వంతు సమయం వుంటుంది. 52ఎక్స్‌లో సెకనులో ఏడున్నర కోట్ల వంతు! డిస్కేమో నిమిషానికి పదివేల చుట్లు తిరుగుతుంటుంది. ఆ హడావిడిలో లేజరు మంట పెంచాలి, ఠక్కున ఆపాలి. మచ్చ కొస కాస్త సాగినా, కాస్త కురచైనా, చదివే ప్లేయరు ఒకటి చూసి ఇంకొకటి అనుకుంటుంది. ఇదే మన గిలుకుడు రాత.

అయితే ప్లేయరు మాత్రం తక్కువదేం కాదు. అచ్చువేసిన కొత్త సి.డి. అయినా సరే, తప్పులు దిద్దుకుంటూనే పాడుతుంది. సెకనుకు 7,350 చిన్న చిన్న కట్టలుగా అంకెలు వస్తుంటాయి. వాటిలో సగటున 220 దాకా తప్పులున్నా ఫరవాలేదని ఫిలిప్స్, సోనీ రాసుకున్న రూలు. మంచి డిస్కులో ఆ తప్పులు పదుల్లోనే వుంటాయి. ఒక కట్టలోని అంకెల్ని దూరదూరంగా చెదరగొట్టి రాస్తారు గనక, రెండున్నర మిల్లీమీటర్ల గీత పడినా ప్లేయరు లెక్క కట్టి పోయిన అంకెల్ని పోయినట్టే తిరిగి తెచ్చుకుంటుంది. వూహించి కాదు, ఖచ్చితంగా! ఆ శక్తి కూడా దాటితేనే ముందు అంకె, వెనక అంకె చూసి మధ్యది వూహిస్తుంది. అదీ కుదరకపోతే ‘టిక్’ మంటుంది, లేదా నోరు మూసుకుంటుంది.

అంటే తప్పులు దిద్దుబాటుకు లొంగినంతకాలం 4ఎక్స్ డిస్కూ, 48ఎక్స్ డిస్కూ ఇచ్చే అంకెలు ఒక్కటే. నేను మాటవరసకు చెప్పడం లేదు. ఒకే పాటను రెండు స్పీడుల్లో రాసి, రెండు డిస్కుల్నీ కంప్యూటరులోకి మళ్ళీ లాగి, అంకెకు అంకె పోల్చి చూశాను. ఒక్కటంటే ఒక్కటి కూడా తేడా లేదు. తర్వాత డిస్కుల మీద పేర్లు కనపడకుండా కాగితం అంటించి, ఆ ‘వెన్న’ కుర్రాడికే వినిపించాను. అయిదుసార్లు అడిగితే రెండుసార్లు సరిగ్గా చెప్పాడు. బొమ్మా బొరుసూ వేసినా అంతకన్నా మెరుగ్గా వచ్చేది పాపం!

ఇలా అన్నానని రెండో పార్టీవాళ్ళు మరీ పొంగిపోనక్కరలేదు. వాళ్ళ సంగతీ వుంది.

మరీ మెల్లగా కొట్టినా చిక్కే

2000 తర్వాత కొన్నేళ్ళు, హైదరాబాదు కోఠీలో సి.డి. కొట్టించుకోవడానికి జనం బారులు తీరేవారు. ఒకసారి నేనొక షాపులో నిలబడ్డాను. కౌంటరు దగ్గర కుర్రాడు నా మొహం చూసి అడిగాడు.

“అన్నా, 52ల కొట్టాల్నా, తక్కువల కొట్టాల్నా?”

“తేడా ఏముంటుంది తమ్ముడూ?”

“తక్కువల కొడితే సౌండ్ మంచిగొస్తదంటరు. గని ఎనక గిరాకీ చూడు ఎట్లున్నదో! నువ్వే చెప్పు.”

వాడు అడిగిన ప్రశ్నకు ఎక్స్ నెంబరు ఒక్కదానితో జవాబు లేదు. సి.డి. రాసే డ్రైవులు మొదట్లో 1ఎక్స్, 2ఎక్స్‌తో నడిచేవి. అప్పటి డిస్కుల రంగు పూత కూడా ఆ నిదానానికి తగ్గట్టే వుండేది. ఆ రోజుల్లో మెల్లగా కొట్టడమే సరైన పని. తర్వాత 48, 52 స్పీడు డిస్కులు వచ్చాయి. వాటి పూత వేరు. హెచ్చు మంట, తక్కువసేపు అన్న లెక్కకు సరిపోయేలా చేసినది. దాని మీద 1ఎక్స్‌లో లేజరు నింపాదిగా నడిస్తే వేడి పక్కలకు పాకి మచ్చలు అలుక్కుపోవచ్చు. నెయ్యి దోసె వెయ్యాల్సిన పెనం మీద సన్నసెగన రొట్టె కాల్చినట్టు!

డ్రైవు కూడా గుడ్డిగా పనిచెయ్యదు. డిస్కు పెట్టగానే, దాని గాడిలో ముందే దాచిన గుర్తులు చదివి ఏ రకం పూతో, ఎంత మంట కావాలో తెలుసుకుంటుంది. లోపలి అంచున ఇందుకోసమే వదిలిన కాస్త చోటులో చిన్న పరీక్ష కూడా రాసుకుంటుంది. ఆ గుర్తు తన జాబితాలో వుంటే సరే సరి, లేకపోతే ఏదో ఒక ఉజ్జాయింపు మంటతో లాగించేస్తుంది. పేరూ వూరూ లేని చవక డిస్కులతో వచ్చే తంటా అక్కడే. స్పీడుకన్నా డ్రైవుకీ డిస్కుకీ జాతకాలు కలిశాయా లేదా అన్నది ముఖ్యం.

నన్నడిగితే, ఇప్పుడు దొరికే 52 స్పీడు డిస్కులకు 16 నుంచి 24 మధ్య ఎంచుకోండి. సాధారణంగా తక్కువ తప్పులతో వచ్చేది ఆ మధ్యదారిలోనే. చాలా కొత్త డ్రైవులు 8ఎక్స్ కన్నా కిందికి దిగనే దిగవు, కాబట్టి 1ఎక్స్ వెతుక్కుంటూ తిరిగే శ్రమ కూడా లేదు.

సంగీత ప్రియుల కోసం ఒక కంపెనీ నిజంగానే పట్టుబట్టి ఒక యంత్రం చేసింది. 2002లో వచ్చిన యమహా సి.ఆర్.డబ్ల్యు.-ఎఫ్1. అందులో పాటల కోసం ప్రత్యేకంగా ఒక పద్ధతి వుండేది. మచ్చల్ని కాస్త పొడుగ్గా సాగదీసి రాసేది. రాత పెద్దదైతే చదవడం తేలిక గదా! దానికి బదులుగా 74 నిమిషాల డిస్కులో 63 నిమిషాలే పట్టేవి. ముచ్చటైన ఆలోచనే. అయినా ఒకమాట. మచ్చల కొసల్లో వుండే ఆ చిన్న తడబాటు చెవిదాకా వస్తుందన్న వాదన నాకు ఎక్కదు. ప్లేయరు అంకెల్ని ముందు ఒకచోట పోగుచేసుకుని, తన గడియారం ప్రకారం ఒక్కొక్కటే వదులుతుంది. అక్కడే తడబాటు సర్దుకుంటుంది. కాదు, మాకు వినిపిస్తోంది అనేవాళ్ళతో నాకు తగవు లేదు. కాగితం అంటించి వినమనండి, అంతే.

“మరి మా డిస్కులో సౌండు నిజంగానే చప్పగా వుంది గదండీ” అంటారేమో. అందుకు ముఖ్యమైన దోషి వేరే వుంది. షాపుల్లో ఆడియో సి.డి. పేరుతో కొట్టిచ్చిన పాటల్లో చాలాభాగం యం.పి.3 ఫైళ్ళే. ఫైలు చిన్నదవడానికి అప్పటికే పాటను పిండి పిప్పి చేసి వుంటారు. దాన్ని మళ్ళీ ఆడియో సి.డి.గా మార్చి 4ఎక్స్‌లో కొట్టినా, బంగారు డిస్కు మీద కొట్టినా పోయిన రసం తిరిగిరాదు.

చివరి పాట ముందు పోతుంది

ఇక అసలు సంగతికి వస్తున్నాను. స్పీడు గొడవ పాట తియ్యదనం గురించి కానే కాదు, పాట ఆయుష్షు గురించి.

220 తప్పులదాకా ఫరవాలేదన్నాను గదా. 20 తప్పులతో పుట్టిన డిస్కూ, 180 తప్పులతో పుట్టిన డిస్కూ మొదటిరోజు ఒకేలా పాడతాయి. చెవికి ఏ తేడా తెలియదు. కానీ రంగు పూత ఎండకూ వేడికీ వెలిసిపోతుంది. గీతలు పడతాయి. ఏటేటా తప్పులు పెరుగుతాయి. మొదటిదానికి ఇంకా బోలెడు చోటుంది. రెండోది గోడ అంచున నిలబడి వుంది! పైగా పాటల సి.డి.కి ఇంకో లోటుంది. కంప్యూటరు ఫైళ్ళ డిస్కులో ఒక్కో పలకలో కొంత చోటు అదనపు దిద్దుబాటుకు కేటాయిస్తారు. ఆడియో సి.డి.లో ఆ చోటు కూడా పాటకే ఇచ్చేశారు. రెండో కాపలావాడు లేడన్నమాట.

మా మిత్రుడొకాయన తండ్రిగారు గుంటూరు జిల్లాలో పౌరాణిక నాటకాలు ఆడేవారు. హరిశ్చంద్ర వేషానికి పేరు. సినిమా అవకాశం రాలేదు, రికార్డు కంపెనీ పిలవలేదు. ఇంట్లోవాళ్ళు నాటకాల రాత్రుల్లో టేప్‌రికార్డరు పెట్టి పట్టిన కాసెట్లే ఆయన ఆస్తి. 2004లో వాటికి బూజు పట్టడం మొదలైతే, ఒక షాపులో ఇచ్చి 14 పద్యాలూ ఒక సి.డి.గా కొట్టించారు. షాపువాడు దొరికిన చవక డిస్కు మీద ఫుల్ స్పీడులో మూడు నిమిషాల్లో కొట్టి చేతిలో పెట్టాడు. బ్రహ్మాండంగా పాడింది. ఇంకెందుకని కాసెట్లు పారేశారు. 2009లో పెద్దాయన పోయారు. ఆ సి.డి. కొన్నాళ్ళు కారులో, కొన్నాళ్ళు టి.వి. మీద తిరిగింది.

ఆ మధ్య సంవత్సరీకానికి వినిపిద్దామని పెడితే, 11 పద్యాలు చక్కగా వచ్చాయి. పన్నెండోదానిలో టిక్కు టిక్కు. పద్నాలుగోది కాటిసీను. రాగం ఎత్తుకుని సగంలోనే ఆగిపోయింది. మా మిత్రుడు అరవై దాటినవాడు, పిల్లాడిలా ఏడ్చాడు.

సి.డి. లోపలి నుంచి బయటికి నడుస్తుంది. చివరి పాటలు బయటి అంచున వుంటాయి. డ్రైవు అత్యధిక వేగం అందుకునేదీ అక్కడే, డిస్కు ఎక్కువగా వూగేదీ అక్కడే, వేళ్ళు తగిలేదీ అక్కడే. అందుకే నాటకంలో అన్నిటికన్నా గొప్ప సీను, డిస్కులో అన్నిటికన్నా బలహీనమైన చోట పడింది. నేరమంతా స్పీడుదే అనను. ఎండలో కారుకూ వాటా వుంది, చవక పూతకూ వాటా వుంది. కానీ 2004లో ఎవరైనా మంచి డిస్కు తీసుకుని, ఇంకో ఏడెనిమిది నిమిషాలు ఓపిక పట్టి వుంటే, ఆ కాటిసీనుకు మరికొన్నేళ్ళ ఊపిరి వుండేదని మాత్రం నమ్ముతాను.

ఆ డిస్కును మూడు డ్రైవుల్లో పెట్టి చూశాం. కొత్త లాప్‌టాప్ పక్కన తగిలించే సన్నటి డ్రైవు చేతులెత్తేసింది. ఒక పాత కంప్యూటరులోని బరువైన డ్రైవు, చదివే వేగం 4ఎక్స్‌కు దించి, ఒక్కోచోట పదేసిసార్లు మళ్ళీ మళ్ళీ చదివిస్తే దారికొచ్చింది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి 13 పద్యాలు పూర్తిగా వచ్చాయి. కాటిసీనులో రెండుచోట్ల గొంతు తెగింది. ఒకటి ఆలాపనలో గనక పెద్దగా తెలియదు. రెండోది మాట మధ్యలో. దాన్ని అతుకు వెయ్యొద్దని మా మిత్రుడే అన్నాడు.

ఇప్పుడు లాప్‌టాపుల్లో సి.డి. డ్రైవులు రావడం దాదాపు ఆగిపోయింది. సైనిన్ పూతతో మంచి పేరు తెచ్చుకున్న జపాను కంపెనీ తైయో యూదెన్ 2015లో డిస్కుల తయారీ మానుకుంది. మీ ఇంట్లోనూ 2000 నుంచి 2010 దాకా కొట్టించిన సి.డి.లు అటకమీద వుండే వుంటాయి. సినిమా పాటలవైతే బెంగ లేదు, ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. అక్కయ్య పెళ్ళినాటి నాదస్వరం, తాతయ్య హరికథ, మీ కాలేజీ ఆర్కెస్ట్రాలో మీ నాన్నగారు పాడిన పాట, ఇవి వుంటే ముందు తియ్యండి. చివరి పాట ముందు పెట్టి వినండి. అది టిక్కుమనకుండా పాడితే ఆ రోజే కంప్యూటరులోకి లాగి, రెండుచోట్ల దాచండి. టిక్కుమంటే ప్లేయరులో పెట్టి మళ్ళీ మళ్ళీ తిప్పకండి. చదివే వేగం దించి ప్రయత్నించండి. ఒక డ్రైవు కాదంటే ఇంకోటి. వీధిలో ఎవరో ఒకరింట్లో దుమ్ముపట్టిన పాత కంప్యూటరు ఇంకా వుండే వుంటుంది, అడగండి.